పాత డిస్క్ కొత్త కంప్యూటర్‌లో ఎందుకు మొరాయిస్తోంది?

సందేహం: మాది ఖమ్మంలో ఎరువుల షాపు. పదేళ్ల నాటి డెస్క్‌టాప్‌లో మదర్‌బోర్డు పోయింది. అందులోని 1 టీబీ హార్డ్‌డిస్క్ తీసి, మా అబ్బాయి కొత్త కంప్యూటర్‌లోని డిస్క్ పీకి ఆ స్థానంలో పెట్టాం. 'నో బూటబుల్ డివైస్' అని వచ్చింది. తెలిసినతను బయాస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే మదర్‌బోర్డు సెట్టింగుల్లో) ఏవో మార్చాక విండోస్ 10 లోగో వచ్చింది కానీ, వెంటనే నీలం రంగు తెర మీద 'ఇన్‌యాక్సెసబుల్ బూట్ డివైస్' అని ఆగిపోతోంది. షాపు లెక్కలన్నీ అందులోని టాలీలోనే ఉన్నాయి. టెన్షన్‌గా ఉంది. డిస్క్ పోయినట్టేనా?

జవాబు: పోలేదండీ. లోగో దాకా వచ్చిందంటే డిస్క్ తిరుగుతోంది, అందులోని ఫైళ్లు చదవగలుగుతోంది. మీకు వచ్చినవి రెండు వేర్వేరు ఎర్రర్లు. మొదటిది ఇల్లు దొరక్కపోవడం, రెండోది ఇల్లు దొరికాక తలుపు తెరుచుకోకపోవడం.

పాత కంప్యూటర్లలో విండోస్‌ని చాలావరకు ఎంబీఆర్ అనే పాత డిస్క్ అమరికలో ఇన్‌స్టాల్ చేసేవారు. కొత్తవి యూఈఎఫ్ఐ అనే కొత్త తరహా బయాస్ పద్ధతిలో, జీపీటీ అనే కొత్త అమరిక ఉన్న డిస్క్‌లోని ప్రత్యేకమైన చిన్న పార్టిషన్ (డిస్క్‌లో ఒక భాగం) కోసం వెతుకుతాయి. అది కనబడకపోతే బూటయ్యే డిస్కే లేదంటాయి. మీ వాళ్లు మార్చింది బహుశా సీఎస్ఎం అనే ఆప్షన్. దాంతో పాత పద్ధతిలో బూటవడం మొదలైంది. అయితే లోగో వచ్చాక విండోస్ తన సొంత డ్రైవర్‌తో (పరికరాన్ని నడిపే చిన్న ప్రోగ్రామ్‌తో) డిస్క్‌ని చదవాలి. కొత్త బోర్డులో సాటా మోడ్ (బోర్డు డిస్క్‌తో మాట్లాడే తీరు) మామూలు ఏహెచ్‌సీఐ కాకుండా రెయిడ్‌లోనో, ఇంటెల్ వీఎండీలోనో ఉంటే, తగిన డ్రైవర్ లేక అక్కడే చతికిలబడుతుంది.

అసలు మీకు కావాల్సింది లెక్కలు కదా, దానికి ఆ విండోస్ లేవనక్కర్లేదు. బయాస్‌లో మార్చినవన్నీ మొదట ఎలా ఉన్నాయో అలా పెట్టించండి. లేదంటే మీ అబ్బాయి విండోస్ కూడా ఇదే నీలం తెర చూపించవచ్చు. వాడి డిస్క్ మళ్లీ పెట్టి, మీది ఖాళీగా ఉన్న సాటా పోర్టుకు రెండో డిస్క్‌గా తగిలించండి. యూఎస్‌బీ కేబుల్‌తో అయితే, డెస్క్‌టాప్ డిస్క్ 12 వోల్టులు అడుగుతుంది కాబట్టి విడిగా పవర్ అడాప్టర్ ఉన్నదే కొనండి. అడాప్టర్ లేని సన్నటి కేబుళ్లు ల్యాప్‌టాప్ డిస్కులకే.

ఇక వాడి విండోస్‌లో మీ డిస్క్ మరో అక్షరంతో కనబడుతుంది. 'ఫార్మాట్ చేయాలి' అని అడిగితే మాత్రం క్యాన్సిల్ నొక్కండి. చాలామంది డేటా పోగొట్టుకునేది ఆ ఒక్క క్లిక్‌తోనే. యూజర్స్ ఫోల్డర్ తెరిచినప్పుడు పర్మిషన్ లేదంటే 'కంటిన్యూ' నొక్కితే చాలు. టాలీ విషయానికొస్తే, డెస్క్‌టాప్ మీది షార్ట్‌కట్ కాపీ చేసి అయిపోయిందనుకోవద్దు. టాలీ ఫోల్డర్ లోపల 'డేటా' అని ఉంటుంది, అందులో కేవలం అంకెల పేర్లతో కొన్ని ఫోల్డర్లు. మీ కంపెనీ లెక్కలంటే అవే. ఆ డేటా ఫోల్డర్ మొత్తం రెండు చోట్ల కాపీ పెట్టుకోండి. కొత్త కంప్యూటర్‌లో టాలీ వేశాక, డేటా పాత్ ఈ ఫోల్డర్‌కి మార్చి కంపెనీ తెరవండి. లైసెన్స్ సంగతి వేరే చూసుకోవాలి.

అదే విండోస్‌ని ఎలాగైనా లేపాలంటే సాటా మోడ్ ఏహెచ్‌సీఐకి మార్చి చూడవచ్చు, అదీ వాడి డిస్క్ తీసి పక్కన పెట్టాకే. నన్నడిగితే ఆ శ్రమ దండగ. పాత కంప్యూటర్‌తో వచ్చిన విండోస్ లైసెన్స్ ఆ మదర్‌బోర్డుతోనే ముడిపడి ఉంటుంది. పైగా విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తోనే ముగిసింది.

కాపీ చేస్తుండగా డిస్క్ నుంచి టక్ టక్‌మని చప్పుడు వస్తే మాత్రం వెంటనే ఆపేసి, డేటా రికవరీ చేసేవాళ్లకు చూపించండి. మళ్లీ మళ్లీ ఆన్ చేయొద్దు.