మనకు జాతీయ సింఫనీ ఆర్కెస్ట్రా ఉందా? ఒంగోలు పాపకు అందులో చోటు దొరుకుతుందా?

మీరు అడిగినవి మూడు. మన దేశానికి జాతీయ సింఫనీ ఆర్కెస్ట్రా (పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం కలిసి వాయించే పెద్ద వాద్యసమూహం) ఉందా, దాని చరిత్ర ఏమిటి, ఒంగోలులో కర్ణాటక వయొలిన్ నేర్చుకుంటున్న మీ పాప ఎప్పటికైనా అలాంటి చోట వాయించగలదా. మూడోదే మీకు అసలు ప్రశ్న అని అర్థమవుతోంది. కానీ మొదటి రెండూ తేలకుండా దానికి జవాబు చెప్పలేను.

నా సంగతి చెప్తాను. నేను నెల్లూరు మూలాపేటలో పెరిగాను, అక్కడే కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నాను. ఉద్యోగం మీద ముంబై వెళ్ళి చాలా ఏళ్ళున్నాను. ఆఫీసు అయ్యాక వయొలిన్, సెల్లో లాంటి తీగవాద్యాలు సరదాకు వాయించేవాళ్ళ గ్రూపు ఒకదానిలో, రెండో వయొలిన్ల జట్టులో చివరి వరసలో కూర్చుని వాయించేదాన్ని. నారిమన్ పాయింట్‌లోని ఎన్‌సీపీఏలో (నేషనల్ సెంటర్ ఫర్ ది పెర్ఫార్మింగ్ ఆర్ట్స్) కచేరీలు వీలైనన్ని విన్నాను. ఇప్పుడు నెల్లూరులో పిల్లలకు పాఠాలు చెప్తున్నాను.

ప్రభుత్వం పెట్టి నడిపే జాతీయ సింఫనీ ఆర్కెస్ట్రా మనకు లేదు. ఆ మాటకు దగ్గరగా వచ్చేవి రెండున్నాయి. ఒకటి ఆకాశవాణి వాద్యబృందం. అది ప్రభుత్వానిదే, జాతీయమే, కానీ సింఫనీ వాయించేది కాదు. రెండోది ముంబైలోని సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా. అది వాయించేది సింఫనీలే, పేరులో దేశం ఉంది, కానీ సర్కారుది కాదు.

వాద్యబృందం 1952లో ఢిల్లీలో మొదలైంది. మొదటి సారథులు ఇద్దరు. హిందుస్తానీ వైపు పండిట్ రవిశంకర్, కర్ణాటక వైపు టి.కె. జయరామయ్యర్. 1956లో వేణువు విద్వాంసుడు పన్నాలాల్ ఘోష్ ఆ పనిలోకి వచ్చారు. మన తెలుగువారు ఈమని శంకరశాస్త్రి గారు కూడా తర్వాతి కాలంలో ఢిల్లీలో దానికి స్వరకర్తగా, కండక్టరుగా (ఎదురుగా నిలబడి బృందాన్ని నడిపించే మనిషిగా) పనిచేశారు. ద్రాక్షారామంలో పుట్టి, జెమినీ స్టూడియోలో పనిచేసి, చిట్టిబాబు లాంటి శిష్యుణ్ణి తయారుచేసిన వైణికుడు ఆయన. ఒక్కరే కూర్చుని వీణ వాయించడంలో శిఖరం లాంటి మనిషి పదిమందిని కలిపి వాయింపజేసే పనిని తలకెత్తుకున్నారంటే, అందులో ఆయనకు ఏదో కొత్త రుచి దొరికి ఉండాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

మా నెల్లూరు ఇంట్లో రేడియోకు మద్రాసు, విజయవాడ రెండు స్టేషన్లూ పలికేవి. ఒక ప్రసంగానికీ ఇంకో ప్రోగ్రాముకూ మధ్య ఖాళీ మిగిలితే వాద్యబృందం వేసేవారు. చిన్న ముక్కే. సితార్ మొదలుపెట్టిన మాటను వేణువు అందుకునేది, వెనక వయొలిన్లన్నీ ఒకే గొంతుగా లేచేవి. రాగం మనదే, తాళం మనదే. పదిమంది కలిసి కట్టిన వాద్యం అది, అందులో ఎవరి మనోధర్మానికీ, అంటే అప్పటికప్పుడు సొంతంగా కల్పించి వాయించడానికి, చోటు లేదు. అది మన సంప్రదాయానికి అలవాటైన పద్ధతి కాదు. అందుకే శాస్త్రీయ సంగీతం వాళ్ళు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు, సినిమా పాట వినేవాళ్ళు అది పాటే కాదన్నారు. అయినా అది చేసిన మేలు ఒకటుంది. పెళ్ళిళ్ళ సీజన్ మీదా సభల పిలుపుల మీదా బతకాల్సిన వాద్యకారులకు నెల జీతం ఇచ్చింది. ఏ దేశంలోనైనా జాతీయ ఆర్కెస్ట్రా చేసే మొదటి పని ఇదే. మిగతా గౌరవాలన్నీ దాని తర్వాతే.

ఇక సింఫనీ వైపు. బొంబాయిలో పార్సీలు, గోవా క్రైస్తవులు పాశ్చాత్య సంగీతాన్ని చాలాకాలంగా పట్టుకుని ఉన్నారు. 1935లో మెహ్లీ మెహతా బాంబే సింఫనీ ఆర్కెస్ట్రా స్థాపించారు. ఆయన కొడుకే జుబిన్ మెహతా. 1936లో బొంబాయిలో పుట్టి, 1954లో వియన్నా వెళ్ళి, ప్రపంచంలోని పెద్ద ఆర్కెస్ట్రాలన్నిటికీ కండక్టరైన మనిషి. తండ్రీ కొడుకులిద్దరూ విదేశాల్లోనే స్థిరపడ్డారు. ఇక్కడ జీతమిచ్చి ఏడాది పొడుగునా నడిపే ఆర్కెస్ట్రా లేకపోవడమే దానికి కారణమని నేననుకుంటాను. మన కోస్తాకు సంబంధించిన ఒక విషయం ఇక్కడ చెప్పాలి. 2005 డిసెంబరు 26న, సునామీకి ఏడాది నిండిన రోజున, జుబిన్ మెహతా జర్మనీ నుంచి బవేరియన్ స్టేట్ ఆర్కెస్ట్రాను చెన్నై తీసుకొచ్చి మృతుల స్మృతిలో కచేరీ చేశారు. మన నెల్లూరు, ప్రకాశం తీరపు పల్లెలు కూడా ఆ అలల్లో మనుషుల్ని పోగొట్టుకున్నవే కదా. ఆర్కెస్ట్రా సమాజంలో ఏం చేస్తుంది అని అడిగిన వాళ్ళకు నేను ముందుగా చెప్పేది ఆ కచేరీ గురించే. మాటల్లేని సంగీతం కాబట్టి తమిళం, తెలుగు, జర్మన్ ఎవరికీ అడ్డం రాలేదు.

సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా 2006లో పుట్టింది. 1969లో జె.ఆర్.డి. టాటా, జంషెడ్ భాభా స్థాపించిన ఎన్‌సీపీఏ సంస్థే దాని ఇల్లు. ఆ సంస్థ పెద్దల్లో ఒకరైన ఖుష్రో సంతూక్ లండన్‌లో ఒక కజకిస్తాన్ ఆర్కెస్ట్రాను విన్నారు. దాన్ని నడిపిస్తున్న వయొలిన్ విద్వాంసుడు మరాత్ బిసెంగాలియెవ్‌ను పిలిచి, మాకూ ఒకటి కట్టిపెట్టమన్నారు. మొదట్లో కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు ఎక్కువమంది విదేశీయులే, ముఖ్యంగా కజకిస్తాన్ నుంచి వచ్చినవాళ్ళు. ఏటా ఫిబ్రవరిలో ఒకటి, సెప్టెంబరులో ఒకటి, రెండు సీజన్లు జరుపుతారు. 2016లో స్విట్జర్లాండ్‌లోనూ 2019లో బ్రిటన్‌లోనూ పర్యటించి వాయించారు. 2023లో జుబిన్ మెహతా స్వయంగా వచ్చి ఈ ఆర్కెస్ట్రాను నడిపించారు.

"అందరూ విదేశీయులైతే అది మన ఆర్కెస్ట్రా ఎలా అవుతుంది?" అని మా నెల్లూరులోనే చాలామంది అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. నాకు ఇందులో రెండు విషయాలు ముఖ్యంగా కనిపించాయి. మొదటిది, ఆ విదేశీ వాద్యకారులు కచేరీ చేసి విమానమెక్కి వెళ్ళిపోలేదు. కొందరు ముంబైలోనే ఉండి, ఆర్కెస్ట్రాకు అనుబంధంగా పెట్టిన సంగీత పాఠశాలలో చిన్నపిల్లలకు పాఠాలు చెప్తున్నారు. రష్యన్ పద్ధతిలో, స్వరజ్ఞానం, బృందగానం అన్నీ కలిపి నేర్పుతారు. ఆ పిల్లలు పెద్దవాళ్ళై అదే వేదిక మీద కూర్చున్నప్పుడే పేరులోని ఇండియాకు అర్థం వస్తుంది. రెండోది ఉస్తాద్ జాకిర్ హుస్సేన్‌తో ఆ ఆర్కెస్ట్రా చేసిన పని. ఆర్కెస్ట్రా కోరిక మీద ఆయన తబలా కన్సర్టో (ఒక వాద్యం ముందు నడవగా ఆర్కెస్ట్రా తోడుగా వాయించే రచన) రాశారు, 2015లో దాన్ని మొదటిసారి వాయించారు. 2023లో తబలా, సితార్, వేణువు మూడింటికీ కలిపి ఇంకో కన్సర్టో రాసి, నీలాద్రి కుమార్, రాకేశ్ చౌరాసియాలతో కలిసి ఈ ఆర్కెస్ట్రాతోనే వాయించారు. 2024 డిసెంబరులో ఆయన పోయారు. ఆ రచనలు మాత్రం నొటేషన్‌లో ఉన్నాయి, రేపు ఎవరైనా తీసి వాయించవచ్చు. ఆర్కెస్ట్రా లేకపోతే ఆ రచనలు పుట్టేవే కావు.

ఇప్పుడు మీ పాప సంగతికి వస్తున్నాను. వయొలిన్ మన దగ్గరికి వచ్చి రెండు వందల ఏళ్ళు దాటింది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు యూరోపియన్ దగ్గర నేర్చుకుని దాన్ని మన సంగీతంలోకి తెచ్చారు. మన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వాదనను 1952లో ప్రపంచ ప్రఖ్యాత వయొలిన్ విద్వాంసుడు యెహూదీ మెనుహిన్ అంతటివాడు కూర్చుని విన్నాడు. వయొలిన్‌ను మనం అంతగా సొంతం చేసుకున్నాం. గాత్రం పక్కన నడిచే గొంతుగా మార్చుకున్నాం. కానీ ఒకే మాటను పదిమంది వయొలిన్ల మీద ఒక్కలాగా పలికించే విద్య మాత్రం మనం తీసుకోలేదు. అది పూర్తిగా వేరే చదువు.

ముంబైలో ఆ వెనక వరసలో కూర్చున్నప్పుడు అది నాకు ఒంటికి తెలిసింది. మన దగ్గర పాడేవాళ్ళు ఒకటిన్నర శ్రుతి అంటే ఒకటిన్నర, ఐదు అంటే ఐదు. తీగల్ని స-ప-స-ప అని శ్రుతి చేసుకుంటాం. అక్కడ ఓబో వాయించేవాళ్ళు 'ఎ' అనే ఒక్క స్వరాన్ని నిలబెట్టి ఊదుతారు, మొత్తం ఆర్కెస్ట్రా దానికి కలపాలి. తీగలు జి, డి, ఎ, ఇ, ఎప్పుడూ అవే. మనం కింద కూర్చుని వయొలిన్ తలను చీలమండ దగ్గర ఆనిస్తాం, కాబట్టి ఎడమచెయ్యి జారడానికి ఏ అడ్డూ ఉండదు. అక్కడ కుర్చీ, గడ్డం కింద పట్టు. ఇద్దరికి కలిపి నొటేషన్ కాగితాలు పెట్టుకునే ఒక స్టాండు. పేజీ తిప్పాల్సింది లోపలి వైపు కూర్చున్నవాళ్ళు, తిప్పేటప్పుడు పక్కవాళ్ళు వాయిస్తూనే ఉండాలి. ప్రతి స్టాండు మీదా ఒక పెన్సిల్ ఉంటుంది. మొదటి కుర్చీ ఆవిడ ఒకచోట కమాను కిందికి కాదు పైకి అని మార్చుకుంటే, ఆ గుర్తు పెన్సిల్‌తో వరసవారీగా వెనక్కి వస్తుంది. మా దాకా వచ్చేసరికి ముందువాళ్ళు వాయించడం మొదలుపెట్టేస్తారు. అందరి కమానులూ ఒకేసారి ఒకే వైపు కదలాలి. చూడ్డానికి అందంగా ఉంటుందని కాదు, కమాను దిశ మారితే స్వరం మీద పడే ఒత్తు మారుతుంది.

అన్నిటికన్నా కష్టమైంది ఊరుకోవడం. ముప్పై రెండు బార్లు (మన ఆవర్తాల లాంటి తాళపు కొలతలు) ఏమీ వాయించకుండా లెక్కపెట్టుకుంటూ కూర్చుని, ముప్పై మూడో బారు మొదటి దెబ్బకు సరిగ్గా దిగాలి. మన కచేరీలో పక్కవాద్యానికి అలాంటి మౌనం ఉండదు, గాయకుణ్ణి నీడలా వెంటాడుతూనే ఉంటాం. పక్కవాళ్ళను వినడం అంటే ఏమిటో నాకు అక్కడ ఇంకోలా అర్థమైంది. ఇప్పుడు నా దగ్గరికి వచ్చే పిల్లలను వర్ణం వాయించేటప్పుడు కూడా ఇద్దరిద్దరినీ కూర్చోబెట్టి కమానులు ఒకేలా కదిలేట్టు వాయింపజేస్తున్నాను. వాళ్ళ శ్రుతిజ్ఞానం దాంతో బాగుపడుతోంది.

మీ ఒంగోలు పక్కనే కరవది ఉంది. షేక్ చినమౌలానా సాహెబ్ పుట్టిన ఊరు. ఆయన శ్రీరంగంలో స్థిరపడి, 1998లో సంగీత కళానిధి అందుకున్న నాదస్వర విద్వాంసుడు. రెండు నాదస్వరాలు, డోలు, శ్రుతి, తాళం కలిసి పలికే మేళం మనకు తరతరాలుగా ఉంది. కలిసి వాయించడం మన జిల్లాలకు కొత్త అనేవాళ్ళతో నేను ఒప్పుకోను. అలాగే మనం సింఫనీ శబ్దాన్ని ఎప్పుడూ వినలేదు అనడం కూడా తప్పే. మద్రాసు రికార్డింగు థియేటర్లలో వయొలిన్లు, సెల్లోలు, ట్రంపెట్లు వరసగా కూర్చుని వాయించినవే మన పాత పాటల వెనక వినిపించేది. మా నెల్లూరువాడైన బాలు గారి గొంతు వెంట ఆ తీగల వరసలను మనమంతా వినే పెరిగాం. కీబోర్డు ప్రోగ్రామింగ్ వచ్చాక ఆ వాద్యకారులకు పని తగ్గిపోయింది. అది నాకు ఇప్పటికీ బాధే. ఆ బృందాలను ఏ విశ్వవిద్యాలయమో, ఏ ప్రభుత్వమో చేరదీసి ఉంటే దక్షిణాదికి ఈపాటికి ఒక సొంత ఆర్కెస్ట్రా ఉండేది. 2020లో నెల్లూరు ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాలకు బాలు గారి పేరు పెట్టారు. అందులో ఒక చిన్న వయొలిన్ బృందం మొదలుపెట్టాలని నాకు చాలా కోరిక. అడుగుతూనే ఉన్నాను, అడుగుతూనే ఉంటాను.

మీ పాపకు ఏం చెయ్యాలంటే, కర్ణాటకం మానిపించొద్దు. ఆ చెవి ఎక్కడికెళ్ళినా పనికొస్తుంది. దానికి తోడు స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల మీద స్వరాలు రాసే పాశ్చాత్య పద్ధతి) చదవడం ఇప్పుడే మొదలుపెట్టించండి, పదేళ్ళ లోపు అయితే అక్షరాలు నేర్చుకున్నంత తేలిగ్గా వస్తుంది. చెన్నైలో పాశ్చాత్య వయొలిన్ చెప్పే టీచర్లున్నారు, లండన్ ట్రినిటీ కాలేజీ వాళ్ళ గ్రేడ్ పరీక్షలు కూడా అక్కడ రాయొచ్చు. ఎ.ఆర్. రెహమాన్ 2008లో పెట్టిన సంగీత విద్యాలయం కె.ఎం. కన్సర్వేటరీ ఉంది. వారం వారం ఒంగోలు నుంచి వెళ్ళిరావడం కష్టం కాబట్టి నెలకోసారి వెళ్ళి, మధ్యలో ఆన్‌లైన్‌లో చూపించుకునేలా మాట్లాడుకోండి. మొదటి ఏడాది ఆమెకు చిరాకొస్తుంది. గమకానికి అలవాటుపడ్డ వేలు, స్వరం మీద కదలకుండా నిలబడనంటుంది. అది చూసి టెన్షన్ పడకండి. రెండు వయొలిన్లు ఉంటే మంచిది, ఒకటి మన శ్రుతికి, ఒకటి వాళ్ళ శ్రుతికి. ఒక్కదాన్నే మార్చి మార్చి శ్రుతి చేస్తుంటే తీగలు తెగుతాయి, పిల్లల ఓపికా తెగుతుంది.

ఉద్యోగం విషయం కూడా దాచకుండా చెప్తాను. దేశం మొత్తం మీద జీతమిచ్చే ఆర్కెస్ట్రా కుర్చీలు చాలా తక్కువ. అందుకని చదువు పక్కన పెట్టించొద్దు. కానీ వీలు చూసుకుని ఒక సెప్టెంబరులో ఆమెను ముంబై తీసుకెళ్ళి ఒక కచేరీ చూపించండి. జంషెడ్ భాభా థియేటర్‌లో ఖరీదైన ముందు వరస టికెట్టు కొనకండి, అక్కడి నుంచి మొదటి వరస వాద్యకారుల బూట్లే కనిపిస్తాయి. బాల్కనీ తీసుకోండి. అక్కడి నుంచి రెండో వయొలిన్ల చివరి స్టాండు దాకా కనిపిస్తుంది, పేజీ ఎవరు తిప్పుతున్నారో కూడా పాప చూడగలుగుతుంది.