ఎంత పోగుచేయాలి అనే ముందు, ఎవరికి ఏం కావాలో చూసి రమ్మనండి

తొమ్మిదో తరగతి చదివే మీ అబ్బాయి ఊళ్లో ఇబ్బందుల్లో ఉన్నవాళ్ల కోసం ఒక ప్రాజెక్టుగా విరాళాలు సేకరిస్తానంటున్నాడని, లక్ష్యం ఎంత పెట్టుకోవాలో, జనాన్ని ఎలా అడగాలో చెప్పమన్నారు. నేను విజయవాడలో లెక్కల మాస్టారిని. మా పిల్లలు చేసిన ఒక పని చెబుతాను, మీ రెండు ప్రశ్నలకూ జవాబు అందులోనే ఉంది.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగుకు గండ్లు పడి మా ఊళ్లోని సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగిపోయాయి. మా బడి వైపు నీళ్లు రాలేదు. సెలవుల తర్వాత పదో తరగతి అమ్మాయి ఒకతె వచ్చి, "మాస్టారూ, మనమూ డబ్బులు పోగుచేద్దాం" అంది. ఎంత అంటే లక్ష అంది. దేనికి అంటే జవాబు లేదు. తిండి పొట్లాలు అప్పటికే హెలికాప్టర్లతో, డ్రోన్లతో కూడా అందించారు. పాత బట్టల మూటలైతే కొన్ని వీధుల్లో విప్పేవాళ్లు లేక గోడవారన పడి ఉన్నాయి. అందుకని, అమ్మను వెంటబెట్టుకుని ముందు వెళ్లి చూసి రమ్మన్నాను.

పట్టణ పేదల కోసం పనిచేసే ప్రభుత్వ సంస్థ మెప్మా తరఫున పొదుపు సంఘాల పని చూసే ఆర్పీ (రిసోర్స్ పర్సన్) ఒకావిడ వాళ్లను వీధివీధీ తిప్పింది. ఏ ఇంట్లో ఎవరి సంపాదన మీద పొయ్యి వెలుగుతుందో ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మీరు కూడా అక్కడి నుంచే మొదలుపెట్టండి. పల్లె అయితే డ్వాక్రా సంఘం లీడరు, ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు ఉంటారు. పెద్దమనుషుల దగ్గరికి వెళ్తే వాళ్ల మనుషుల జాబితా చేతిలో పెడతారు.

అమ్మాయి తిరిగొచ్చి చెప్పిన మాట, కుట్టు మిషన్లు. జాకెట్లు కుట్టి, చీరలకు ఫాల్స్ వేసి ఇల్లు నడుపుకునే ఆడవాళ్ల మిషన్లు రోజుల తరబడి బురద నీళ్లలో నానాయి. చక్రం తిరగదు, బల్ల ఉబ్బిపోయింది. నేల అంతస్తు ఇళ్లకు ప్రభుత్వం 25 వేలు ప్రకటించింది కదా అని మా స్టాఫ్‌రూములోనే ఒకరు అన్నారు. నిజమే. మంచం, స్టవ్వు, బియ్యం, పిల్లల పుస్తకాలు అన్నీ అందులోంచే రావాలి. మిషను వంతు వచ్చేసరికి ఏం మిగులుతుంది?

ఆ తర్వాత అమ్మాయి వన్‌టౌన్‌లో మిషన్లు బాగుచేసే ఒకాయన పక్కన కూర్చుని ఒక కాగితం రాసుకొచ్చింది. నేను ఇప్పటికీ దాచుకున్న కాగితం అది. హెడ్డు విప్పి కిరోసిన్‌తో కడగడానికి ఇంత, తుప్పు పట్టిన షటిల్, బాబిన్ కేసు మార్చడానికి ఇంత, కొత్త బెల్టు ఇంత, బల్ల మార్చాల్సి వస్తే ఇంత, మోటారు ఉంటే రీవైండింగుకు వేరే. ఆ కాగితం ముందు లక్ష అనే అంకె నిలబడలేదు. "ఒక మిషను బాగుచేయడానికి ఇంత, మా దగ్గర ఇన్ని మిషన్ల వివరాలున్నాయి" అని చెప్పగలిగినప్పుడు అడగడం దానంతటదే తేలికవుతుంది. పేదలకు సాయం చేయండి అంటే జేబులోంచి పది రూపాయల నోటు వస్తుంది. ఫలానా ఆమె మిషనుకు బల్ల కావాలి అంటే, "ఎంతవుతుంది?" అని వాళ్లే అడుగుతారు.

ఇక అడిగే తీరు. మా పిల్లలు ఎక్కువగా డబ్బు అడగలేదు, పాత పేపర్లు అడిగారు. పటమటలోని అపార్ట్‌మెంట్లలో ఆదివారం పూట ఇద్దరిద్దరు చొప్పున, యూనిఫాంలో, హెడ్మాస్టరు సంతకం చేసిన ఉత్తరంతో తలుపు తట్టారు. వంద రూపాయలివ్వడానికి ఆలోచించే మనిషి, నెలల తరబడి పేరుకున్న పేపర్ల కట్టను మాత్రం సంతోషంగా లిఫ్టు దాకా మోసి ఇస్తాడు. ఇల్లు ఖాళీ అయిందన్న ఆనందం కూడా అందులో ఉంటుందనుకోండి! కిలోకు పది పన్నెండు రూపాయలే అయినా పాత సామాన్ల దుకాణం తూకం చీటీ చూస్తే పిల్లల ముఖాలు వెలిగిపోయాయి. అలా ఇచ్చినవాళ్లే తర్వాత డబ్బు కూడా ఇచ్చారు.

డబ్బు దగ్గర మాత్రం గట్టిగా ఉండండి. ఇంట్లోవాళ్ల ఫోన్‌పే నంబరు ఇస్తే పాల బిల్లు, కరెంటు బిల్లు, విరాళం అన్నీ ఒకే చోట కలిసిపోయి, పది రోజుల తర్వాత ఏది ఏమిటో మీకే తెలియదు. వేరే పొదుపు ఖాతా ఉంటే మంచిది, లేదా బడి ఖాతాలోనే వేయించండి. నగదుకు నంబర్లున్న రసీదు పుస్తకం పెట్టండి. ఆ అమ్మాయి ప్రతి శనివారం జమాఖర్చు నోటీసు బోర్డు మీద అంటించేది. తల్లిదండ్రుల సమావేశంలో ఒకాయన లేచి "ఆటోకు ఇంత ఎందుకైంది?" అని గద్దించాడు. ఆ పిల్ల బెదరకుండా చీటీ తీసి, బల్లలు రెండు ట్రిప్పుల్లో తేవాల్సి వచ్చిందని చెప్పింది. పదో తరగతి లెక్కల పుస్తకంలో ఏ అధ్యాయమూ ఆ ధైర్యాన్ని నేర్పదు, మాస్టారిగా చెబుతున్నాను.

పన్ను మినహాయింపుకు 80జీ రసీదు అడిగేవాళ్లు తగులుతారు. దానికి అనుమతి ఉన్న సంస్థలే అది ఇవ్వగలవు, పిల్లవాడి ప్రాజెక్టు ఇవ్వలేదు. అక్కడైనా 2,000 దాటిన నగదుకు మినహాయింపు ఉండదు. అమెరికాలో ఉన్న బంధువులు పంపుతామంటే కాస్త ఆగండి. భారత పౌరులు తమ సొంత సంపాదన నుంచి పంపితే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ల విరాళం మాత్రం విదేశీ విరాళాల చట్టం కిందకు వస్తుంది. అలాంటి వాళ్లను, అనుమతి ఉన్న సంస్థ ఏదైనా ఉంటే దానికే నేరుగా పంపమని చెప్పడం మేలు.

ఒక దాత పెద్ద మొత్తం ఇస్తానని, మిషన్లు అప్పగించే రోజు తన ఫొటోతో ఫ్లెక్సీ కట్టించమన్నాడు. పిల్లలు వద్దన్నారు. ఫ్లెక్సీ ఖర్చుతో ఇంకో మిషను బాగవుతుందని వాళ్లే లెక్కవేసి చెప్పారు. ఆయనకు కోపం వచ్చింది, అనుకున్నదాంట్లో సగమే ఇచ్చాడు. సగమైనా తీసుకున్నారు. సాయం పొందినవాళ్లను వరసగా నిలబెట్టి ఫొటోలు తీయడం కూడా నాకు నచ్చదు. ప్రాజెక్టు నివేదికకు ఆధారం కావాలంటే బాగుచేసిన మిషను ఫొటో, మెకానిక్ బిల్లు చాలు. అదే బిల్లు దాతలకూ పంపవచ్చు.

డబ్బు మిగిలితే ఏం చేయాలో ముందే రాసి పెట్టుకోండి, చివర్లో గొడవలు అక్కడే వస్తాయి. మా పిల్లలు మిగిలినదానితో మిషను ఆయిల్ డబ్బాలు, సూదుల ప్యాకెట్లు కొని ఒక్కో ఇంటికీ ఇచ్చారు.