లూథర్ మార్టిన్ మీద రాస్తున్న కుర్రాడికి

బాబూ,

అమెరికా తొలినాళ్ళ లాయరు లూథర్ మార్టిన్ మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. తప్పులేం లేవు. 1748లో న్యూజెర్సీలో పుట్టాడు, 1766లో ప్రిన్స్‌టన్‌లో చదువు ముగించాడు, 1778లో మేరీలాండ్ రాష్ట్రానికి అటార్నీ జనరల్, అంటే ప్రభుత్వం తరఫు పెద్ద లాయరు, అయ్యాడు, 1813లో బాల్టిమోర్‌లో జడ్జి అయ్యాడు... అంతా పెళ్ళిచూపులకు పంపే బయోడేటాలా నడిచింది. ఏమీ అనుకోకు. ముప్పై ఏళ్ళ కిందట నా మొదటి వ్యాసాన్నీ ఒక ఎడిటర్ ఈ మాటే అని తిప్పి పంపాడు. వారం రోజులు అన్నం సయించలేదు.

ముందు ఒక చిన్న సంగతి. మన దగ్గర అటార్నీ జనరల్ కేంద్రానికి, రాష్ట్రానికి ఉండేది అడ్వొకేట్ జనరల్. అమెరికాలో రాష్ట్రానికీ అటార్నీ జనరలే. ఆ ముక్క మొదట్లోనే చెప్పెయ్, లేకపోతే చదివేవాళ్ళు తికమకపడతారు.

జడ్జిగా చేసింది మూడేళ్ళే, 1816తో సరి. దానికి ఒకటిన్నర పేజీ ఎందుకు? అటార్నీ జనరల్‌గా మొదటి విడతే ఇరవై ఏడేళ్ళు పైన.

నువ్వు ఆయన్ని ‘నమ్మిన సిద్ధాంతం వదలని మనిషి’ అన్నావు. అక్కడే నాకు చిరాకేసింది. 1787లో ఫిలడెల్ఫియాలో అమెరికా రాజ్యాంగం రాస్తుంటే, కేంద్రానికి ఇంత పెత్తనమిస్తే చిన్న రాష్ట్రాల గతేమిటని పోట్లాడి, సంతకం పెట్టకుండా వెళ్ళిపోయాడు. తర్వాత ఆ రాజ్యాంగాన్ని నెత్తిన పెట్టుకున్న ఫెడరలిస్టుల్లోనే చేరాడు. ఫెడరలిస్టుల ప్రత్యర్థి, తర్వాత ప్రెసిడెంటయిన జెఫర్సన్ మీద కోపం అలాంటిది! 1805లో సుప్రీంకోర్టు జడ్జి చేజ్ అభిశంసన విచారణలోనూ, 1807లో మాజీ వైస్ ప్రెసిడెంట్ ఆరన్ బర్ రాజద్రోహం కేసులోనూ జెఫర్సన్‌కు గిట్టనివాళ్ళ తరఫునే వాదించాడు. ఇద్దరూ బయటపడ్డారు. జెఫర్సన్ ఆయన్ని ‘ఫెడరల్ బుల్‌డాగ్’ అని తిట్టాడు. మళ్ళీ 1819లో, మెక్‌కల్లక్ కేసులో, జాతీయ బ్యాంకు మీద పన్ను వేసే హక్కు మేరీలాండ్‌కు ఉందని సుప్రీంకోర్టులో మూడు రోజులు వాదించి ఓడిపోయాడు. తిరిగి తిరిగి రాష్ట్రాల పక్షానికే, 1787 నాటి గుమ్మంలోకే వచ్చాడన్నమాట. ఈ మలుపులు చదునుచేస్తే ఇక మిగిలేదేముంది?

బానిసల దిగుమతి అమెరికా విప్లవ ఆశయాలకే మచ్చ అన్నాడని రాశావు, బాగుంది. ఆయనకూ సొంత బానిసలుండేవారని పక్కనే రాయి. వేరే పేరాలోకి నెట్టకు. తాగుడు సంగతీ అంతే, ‘కొన్ని వ్యక్తిగత బలహీనతలు’ అనకు. తాగేవాడు, బాగా తాగేవాడు.

నీ వ్యాసంలో అన్నిటికన్నా గొప్ప సంగతి చివరి పేజీలో, అదీ బ్రాకెట్లో పడి ఉంది. పక్షవాతం వచ్చి, చేతిలో డబ్బు లేక చితికిపోతే, 1822లో మేరీలాండ్ శాసనసభ ఆయన కోసం రాష్ట్రంలోని ప్రతి లాయరూ ఏటా 5 డాలర్లు కట్టాలని తీర్మానించింది. ఒక లాయర్ని పోషించడానికి లాయర్లందరి మీదా పన్ను! ఇలాంటిది నేనింకెక్కడా వినలేదు. చివరికి న్యూయార్క్‌లో తన ఇంట్లో చోటిచ్చింది ఎవరనుకున్నావు? ఆ ఆరన్ బర్రే. 1826 జులై 10న పోయాడు. జెఫర్సన్ పోయి అప్పటికి ఆరు రోజులు.

వ్యాసం ఆ అయిదు డాలర్ల దగ్గర మొదలుపెట్టు. పుట్టిన తేదీ ఎక్కడ ఇరికించాలో తర్వాత చూద్దాం. దసరా లోపు తిరగరాసి పంపు, ఈసారి అక్షరాలు కాస్త పెద్దవి పెట్టు. నా కళ్ళజోడు మారింది.

ఆశీస్సులతో,
మీ మాస్టారు