సమయం ఇచ్చిందెవరో రాయి

అమ్మా,

1960ల బ్రిటన్ సంస్కరణల మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. శ్రద్ధగా రాశావు, భాష హాయిగా ఉంది. కానీ ప్రధాని హెరాల్డ్ విల్సన్ నడిపిన లేబర్ పార్టీ ప్రభుత్వం ఉరిశిక్ష తీసేసిందనీ, గర్భస్రావాన్ని చట్టబద్ధం చేసిందనీ, స్వలింగ సంబంధాలను నేరాల జాబితా నుంచి తప్పించిందనీ ఒకే వాక్యంలో కట్టగట్టేశావు. ఆ మూడింటిలో ఒక్కటి కూడా ప్రభుత్వం ప్రవేశపెట్టిన బిల్లు కాదు. మూడూ ఎంపీల సొంత బిల్లులే: మొదటిది సిడ్నీ సిల్వర్‌మన్‌ది, రెండోది డేవిడ్ స్టీల్‌ది, మూడోదాన్ని పార్లమెంటు దిగువ సభ కామన్స్‌లో నడిపింది లియో ఆబ్సే. స్టీల్‌ది అధికార పార్టీ కూడా కాదు. 28 ఏళ్ల లిబరల్ సభ్యుడు, ఆయన పార్టీకి సభలో ఉన్నది పన్నెండు మంది.

మరి ఎలా సాధ్యమైంది? నీ వ్యాసం ఇక్కడ మొదలు కావాలి.

సభ్యుల సొంత బిల్లుల్లో ముందు వంతు ఎవరిదో తేల్చడానికి చీటీలు తీస్తారు. 1966లో స్టీల్ పేరు మూడో స్థానంలో వచ్చింది. అలాంటి బిల్లుల చర్చకు దొరికేవి కొన్ని శుక్రవారాలే. గిట్టనివాళ్లు ఓటింగులో ఓడించనక్కర్లేదు. వేళ మించిపోయేదాకా ఏదో ఒకటి మాట్లాడుతూ కూర్చుంటే బిల్లు అటకెక్కుతుంది. ఆ ఏడాది జూలై 22న స్టీల్ బిల్లు రెండో పఠనంలో, అంటే బిల్లు మూల ఉద్దేశం మీద ఓటు వేసే దశలో, 223–29తో నెగ్గింది. అంత మద్దతు ఉన్నా, మరుసటి వేసవికి సమయం చాలక చిక్కుకుపోయింది. హోం మంత్రి రాయ్ జెంకిన్స్ అండగా నిలిచారు. సభా నాయకుడు రిచర్డ్ క్రాస్‌మన్ ప్రభుత్వ సమయం కేటాయించారు. సభ రాత్రంతా సాగింది. 1967 జూలై 14న 167–83తో బిల్లు గట్టెక్కింది. తటస్థంగా ఉంటామన్న ప్రభుత్వం చేసిన అసలు సాయం ఆ గంటలే. ఆబ్సే బిల్లుదీ అదే దారి. జూలై 4 తెల్లవారుజామున 99–14తో ఆమోదం పొందింది. 630 మంది ఉన్న సభలో మిగతావాళ్లు ఎక్కడున్నారు? ఆ ప్రశ్న నీ వ్యాసంలో నాకు కనిపించాలి.

చట్టాల పాఠం కూడా తెరిచి చూడు. గర్భస్రావానికి ఇద్దరు వైద్యుల సమ్మతి కావాలి, కేవలం స్త్రీ కోరితే చాలదు. ఆబ్సే చట్టం 21 ఏళ్లు నిండిన పురుషులకు, అదీ ఏకాంతంలో, ఇంగ్లండ్, వేల్స్‌లలో మాత్రమే వర్తించింది. స్కాట్లండ్ 1980 దాకా ఆగాల్సి వచ్చింది. (స్వలింగ సంబంధాలను నేరంగా చూస్తూ 1860లో బ్రిటిష్ వాళ్లు మనకు రాసిపెట్టిన 377వ సెక్షన్ పట్టు సడలడానికి 2018 దాకా పట్టింది. ఇది ఒక్క వాక్యంగా చేర్చు, అంతకు మించి వద్దు.)

ఉరిశిక్ష గురించి రాసేటప్పుడు తిమొతీ ఎవాన్స్‌ను మరచిపోకు. కన్నకూతుర్ని చంపాడని 1950లో ఉరితీశారు. అతనికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పిన క్రిస్టీ, అదే ఇంట్లో ఉంటూ పలువురు స్త్రీలను చంపినవాడని మూడేళ్ల తరువాత బయటపడింది. ఎవాన్స్‌కు క్షమాభిక్ష 1966లో వచ్చింది. పాఠకుడికి ముందు ఈ మనిషిని చూపించు, ఓట్ల లెక్క తరువాత చెప్పు.

నీ వ్యాసంలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించిన లోటు వేరే ఉంది. 1968 ఫిబ్రవరి నెల అందులో లేదు. కెన్యా నుంచి బ్రిటిష్ పాస్‌పోర్టులతో వస్తున్న భారత సంతతి కుటుంబాలను అడ్డుకోవడానికి ఇదే లేబర్ ప్రభుత్వం, జేమ్స్ కల్లహన్ హోం మంత్రిగా ఉండగా, కామన్వెల్త్ వలసదారుల చట్టం తెచ్చింది. తల్లిదండ్రుల తరం ద్వారానో, తాతల తరం ద్వారానో బ్రిటన్‌తో సంబంధం ఉన్నవాళ్లకు తలుపు తెరిచే ఉంది, మిగతావాళ్లు వరసలో నిలబడాలి. స్వలింగ సంబంధాలపై ప్రభుత్వమే వేసిన వుల్ఫెండెన్ కమిటీ 1957లో చేసిన సిఫారసు చట్టం కావడానికి పదేళ్లు పట్టింది. ఈ వలసదారుల బిల్లు మాత్రం ఉభయ సభలనూ మూడు రోజుల్లో దాటింది. అదే ఏడాది ఇళ్లలో, ఉద్యోగాల్లో జాతి వివక్షను నిషేధిస్తూ మరో చట్టం కూడా వచ్చింది. రెండూ పక్కపక్కనే పెట్టు, ఒకదానితో మరొకదాన్ని కప్పిపుచ్చకు.

కామన్స్ చర్చల రికార్డులు ఇప్పుడు ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. 1967 జూలై 3 రాత్రి చర్చ, 1968 ఫిబ్రవరి 27, 28 తేదీల చర్చ, రెండూ మొత్తం చదివి కొత్తగా రాసి పంపు. నిడివి గురించి కంగారు పడకు. పత్రికలో అచ్చు కావడానికి కుదించే పని తరువాత ఇద్దరం కూర్చుని చేద్దాం.

ఆశీస్సులతో,
నీ మాస్టారు