స్విట్జర్లాండ్‌లో ఆడవాళ్లకు ఓటు 1971లో వచ్చింది, మనకు మొదటి ఎన్నికల నుంచే ఉంది. మరి మన ఆడవాళ్లు వాళ్లకంటే ముందుండాలి కదా అని ఒకరు అడిగారు.

మీరన్నది నిజమే. స్విట్జర్లాండ్ మగవాళ్లు 1959లో కుదరదని ఓటేసి, 1971లో సరేనన్నారు. అక్కడే అప్పెన్‌జెల్ అనే చోట స్థానిక ఎన్నికల్లో ఆడవాళ్లకీ ఓటు ఇవ్వాలని 1990లో కోర్టు చెప్పాల్సొచ్చింది. ఫ్రాన్స్‌లో 1965 దాకా పెళ్లయిన ఆడది మొగుడి అనుమతి లేకుండా సొంతంగా బ్యాంకు ఖాతా తెరవడానికి లేదు. కాలేజీలో ఉన్నప్పుడు డిబేట్‌లో ఇవన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పి స్టీలు డబ్బా ఒకటి గెల్చుకున్నాను కూడా.

అప్పుడు నాకు తెలీనిది ఇంకోటుంది. మన మొదటి ఎన్నికల జాబితా రాసేటప్పుడు చాలామంది ఆడవాళ్లు సొంత పేరు చెప్పలేదు. ఫలానా ఆయన భార్యని, ఫలానా ఆయన కూతుర్నని రాయించుకున్నారు. అలాంటివి దాదాపు 28 లక్షల పేర్లు, ఎక్కువగా ఉత్తరాదివి, జాబితా నుంచి తీసేశారు. అంటే ఓటు ఉంది గానీ పేరు లేదు. ఉత్తరాదిని అనడమెందుకు, మా అమ్మమ్మ అసలు పేరు నాకు పదో తరగతిలో తెలిసింది. అప్పటిదాకా ఊరందరికీ ఆవిడ 'పెదబాబు తల్లి'.

ఆ పెదబాబే మా మావయ్య. మాది శ్రీకాకుళం దగ్గర పల్లెటూరు, అమ్మ పుట్టిల్లు కూడా అక్కడికి దగ్గర్లోనే. తాతయ్య వీలునామా ఏదీ రాయకుండా 1998లో పోయారు. మూడెకరాల అరవై సెంట్ల పల్లం, తాతల నాటి జిరాయితీ, అంటే సొంత పట్టా భూమి. పిల్లలు ముగ్గురు, అమ్మ, పిన్ని, మావయ్య. ఆస్తి మాట వస్తే చాలు, మావయ్య అమ్మతో "అప్పా (అక్కా), నీ పెళ్లి ఎన్టీఆర్ చట్టం కంటే ముందు కదా, నీకు రాదులే" అనేవాడు. ఆ మాట కొన్నాళ్లు సగం నిజమే, తాతయ్య వంతులో వాటా అప్పుడూ ఉంది గానీ కొడుకుతో సమానమైన వాటా లేదు. ఎన్టీఆర్ ప్రభుత్వం ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటా ఇచ్చింది గానీ 1985 సెప్టెంబర్ 5కి ముందు పెళ్లైనవాళ్లను వదిలేసింది. అమ్మ పెళ్లి 1979లో అయింది. 2005లో కేంద్రం చట్టం మార్చినప్పుడు ఆ అడ్డు పోయింది. ఆ రోజుకి తండ్రి బతికి ఉండక్కర్లేదని, కూతురికి హక్కు పుట్టుకతోనే వస్తుందని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. ఈ సంగతి మావయ్యకి తెలుసు. ఎందుకంటే మరుసటి ఏడాది ప్లాట్లు వేసేవాళ్లు పొలం కొనడానికొచ్చి "అక్కచెల్లెళ్ల సంతకాలు లేనిదే ముట్టుకోం" అన్నారు.

రిజిస్ట్రేషన్ ఆఫీసుకి అమ్మతో నేనే వెళ్లాను. వేపచెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీలు, డాక్యుమెంట్ రైటరు రాసిపెట్టిన హక్కు విడుదల పత్రం (తన వాటా వదులుకుంటున్నానని రాసే కాగితం) చదవండమ్మా అన్నాడే గానీ చదవడానికి ఇవ్వలేదు. దారిలో నేను చెప్పాల్సిందంతా చెప్పాను, ఎకరా ఇరవై సెంట్లు నీదని, సెంటు ధర ఎంతుందో తెలుసా అని. అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ "ఎకరం అడిగితే ఎకరమే వస్తాది, తమ్ముడు రాడు" అంది. లోపల ఆఫీసరు "ఇష్టపూర్వకంగానే రాస్తున్నారా" అని అడిగితే నవ్వి "మా తమ్ముడే కదండీ" అంది. ఆయనా నవ్వాడు. వేలిముద్ర, ఫోటో, సంతకం. అమ్మ చదివింది మూడో తరగతి. ఆ సంతకం తొంభైల్లో డ్వాక్రా సంఘంలో నేర్చుకుంది, పొదుపు పుస్తకంలో వేలిముద్ర వేస్తే సిగ్గుగా ఉందని రాత్రిళ్లు పలక మీద దిద్దేది. ఆ అక్షరాలే ఆ రోజు ఏడు కాగితాల మీద పెట్టింది. బయటికొచ్చాక మావయ్య కారులోంచి చీర పెట్టె తీసి ఇచ్చాడు, పైన పసుపు కుంకుమ పొట్లాలు, అరడజను అరటిపళ్లు.

మావయ్య చెడ్డవాడని రాయడం లేదు. 2000లో సిడ్నీలో కరణం మల్లీశ్వరి వెయిట్‌లిఫ్టింగ్‌లో రెండు విభాగాల్లో కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది కదా, ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ, పెరిగింది మా ఆమదాలవలస దగ్గరే. ఆ రోజు ఊళ్లో ఇంటింటికీ తిరిగి మిఠాయి పంచింది మా మావయ్యే. "సిక్కోలు ఆడపిల్లంటే ఏటనుకున్నారు" అని అరిచి గొంతు పోగొట్టుకున్నాడు. ఆడపిల్ల 240 కిలోలు ఎత్తితే ఆయనకి గర్వమే, ఎకరా ఇరవై సెంట్లు అడిగితేనే కష్టం.

పిన్ని మాత్రం సంతకం పెట్టనంది. దాదాపు ఏడాది లాగి చివరికి డబ్బు తీసుకుంది, వాటా లెక్కలో సగం కూడా కాదు. అప్పట్నుంచి ఆమెకి సంక్రాంతి సారె లేదు, మావయ్య కూతురి పెళ్లికి శుభలేఖ పోస్టులో వచ్చింది. పిన్ని మొగుడు మంచివాడు, ఉద్యోగముంది కాబట్టి తట్టుకుంది. మొగుడు తాగొచ్చి కొట్టేవాడైతే అర్ధరాత్రి ఎక్కడికి పోవాలి? మనకి పుట్టిల్లే ఇన్సూరెన్సు, ప్రీమియం మన వాటా. స్విట్జర్లాండ్‌తో పోల్చేవాళ్లు ఇది లెక్కలోకి తీసుకోరు. నన్నడిగితే ఓటు, చదువు, ఉద్యోగం అన్నీ దీని తర్వాతే. చుట్టుపక్కల నాకు తెలిసిన ఇళ్లలో గొడవ లేకుండా పొలంలో వాటా తీసుకున్న ఆడపిల్ల ఒక్కతీ లేదు.

మా ఆఫీసులో మార్చి 8న మహిళా దినోత్సవమని ముగ్గుల పోటీ పెడతారు, గెలిచినవాళ్లకి ఇచ్చేది కూడా చీరే. దాని గురించి ఇంకోసారి రాస్తాను, ఇప్పుడు మొదలెడితే ఆగను.

అమ్మ ఆ చీర ఇంకా కట్టలేదు, పెట్టెతో సహా బీరువాలో ఉంది. మా నాన్న పోయి రెండేళ్లైంది, ఆయన పొలం కాగితాలు ఇంకా తేలలేదు. మొన్న ఆదివారం మా తమ్ముడు ఫోన్ చేసి, ఈ సంక్రాంతికి ఏ రంగు చీర తెమ్మంటావక్కా అని అడిగాడు. ఇంకా ఏమీ చెప్పలేదు.