మూడు డిస్కులకు ఒకే పేరు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం, దానితో పంపిన ఫొటో అందాయి. డిస్కును విసిరి బుట్టలో వేసే మన డిస్క్ గోల్ఫ్ ఆటలో, దూరం విసరడానికి వాడే డ్రైవరు డిస్కుల్లో ఒకటైన డిస్ట్రాయర్‌వి మూడింటిని వరుసగా పేర్చావు. ముద్ర సగం చెరిగిపోయిన నీలం డిస్కు పాత విడతదని, అంటే ముందెప్పుడో ఒకేసారి అచ్చువేసిన బ్యాచ్‌దని, నిగనిగలాడుతున్న ఎరుపు, పసుపు డిస్కులు ఆ తర్వాతి విడతలవని రాశావు. నీలం డిస్కు తిన్నగా సాగి చివర్లో కాస్త వాలుతుందని, మిగతా రెండూ చేయి వదిలిన కాసేపటికే ఎడమకు పడిపోతున్నాయని చెప్పావు. అందుకే పాత విడతవి ఎక్కడున్నా వెతికి కొనుక్కోమని నీతో ఆడేవాళ్లు సలహా ఇస్తున్నారట. కొనకు. కనీసం ఈ ఉత్తరం చదవడం పూర్తయ్యేదాకా కొనకు.

నీ నీలం డిస్కు మంచిదే, ఆ విషయంలో నాకు అనుమానం లేదు. కానీ అది పాత విడతది కాబట్టి మంచిదా, ఇన్నాళ్లూ నీ చేతిలో చెట్లకూ రాళ్లకూ తగిలి అరిగింది కాబట్టి మంచిదా? ఈ సంగతి నీకూ తెలియదు, నీతో ఆడేవాళ్లకూ తెలియదు.

నేను ఈ గోతిలో పడి లేచినవాణ్ణే. నాది డిస్ట్రాయర్ కాదు, వేరే డ్రైవరు. మూడేళ్లు వాడాను. నేను చెప్పినట్టల్లా వినేది. ఒకరోజు చెరువులో పడింది. అదే పేరుతో, అదే ప్లాస్టిక్‌లో కొత్తది కొని విసిరితే మొండిగా ఎడమకే పోయింది. ఇంకేముంది, కొత్త విడత చెడిపోయిందని కనబడినవాళ్లందరికీ చెప్పుకుంటూ తిరిగాను. ఆ పాత విడతవి, ఎవరూ విసరనివి, నాలుగు ఎక్కడో దొరికాయని తెలిస్తే అడిగినంత ఇచ్చి తెచ్చుకున్నాను. మైదానంలో విసిరి చూస్తే నాలుగూ ఆ కొత్త డిస్కు దారే పట్టాయి! నేను పోగొట్టుకున్నది విడతను కాదు, మూడేళ్ల అరుగుదలను. అప్పటిదాకా నేను నోటికొచ్చినట్టు అన్న మాటలను వెనక్కి తీసుకోవడానికి చాలా రోజులు పట్టింది.

అలాగని విడతల మధ్య తేడా లేదని అనుకోకు. ఉంది. అది ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. కరిగిన ప్లాస్టిక్‌ను ఒత్తిడితో లోహపు అచ్చులోకి నెట్టి, చల్లారాక బయటికి తీస్తారు. చల్లారేటప్పుడు ప్లాస్టిక్ ముడుచుకుంటుంది. డిస్కు మధ్యభాగం పలచన, అంచు మందం. పలచనిది ముందు గట్టిపడుతుంది. మందమైన అంచు నెమ్మదిగా చల్లారుతూ, ముడుచుకుంటూ, అప్పటికే గట్టిపడిన మధ్యభాగాన్ని చుట్టూ నుంచి బిగిస్తుంది. ఆ బిగింపుకు మధ్యభాగం పైకి ఉబ్బుతుంది. అచ్చు ఎంత వేడిగా ఉంది, ప్లాస్టిక్‌ను ఎంత ఒత్తిడితో నెట్టారు, ఎంతసేపు చల్లార్చి తీశారు, ఆ రోజు మిశ్రమంలో ఏం కలిసింది, ఏ రంగు వేశారు అన్నవాటిలో ఏది కాస్త మారినా ముడుచుకునే తీరు మారుతుంది. అచ్చు అదే, పేరు అదే, బయటికి వచ్చే ఆకారం మాత్రం వెంట్రుకవాసి తేడాతో వస్తుంది. దూరం పోయే డ్రైవరుకు వెంట్రుకవాసి చాలు. దీన్ని ఎవరి లోపమని కూడా అనలేం, ప్లాస్టిక్ స్వభావమే అంత.

డిస్ట్రాయర్ మీద వేసే 12, 5, -1, 3 అనే అంకెలు వేగం, గ్లైడ్ (తేలుతూ సాగడం), టర్న్ (వేగంగా ఉన్నప్పుడు కుడికి తిరగడం), ఫేడ్ (చివర్లో ఎడమకు వాలడం) అని నీకు తెలుసు. ఆ అంకెలు ఆ నమూనాకు ఇన్నోవా కంపెనీ తానే ఇచ్చుకున్నవి. నీ చేతిలోని ఆ ఒక్క డిస్కును ఎవరో విసిరి చూసి వేసినవి కావు. 2007లో ఆ నమూనాకు అనుమతినిచ్చిన ప్రొఫెషనల్ డిస్క్ గోల్ఫ్ అసోసియేషన్ చూసేది కూడా కొలతలనే. వ్యాసంలో సెంటీమీటరుకు 8.3 గ్రాములకు మించి బరువు ఉండకూడదు, అంచు వెడల్పు 2.6 సెంటీమీటర్లు దాటకూడదు, ఇలాంటివి. డిస్ట్రాయర్ వ్యాసం 21.1 సెంటీమీటర్లు, కాబట్టి దాని గరిష్ఠ బరువు 175.1 గ్రాములు. గాలిలో ఎటు వాలుతుందన్నది ఆ కొలతల్లో లేదు. అందుకే ఒకే అంకెలు మోస్తున్న రెండు డిస్కులు రెండు దారులు పట్టినా ఎవరూ అబద్ధం ఆడినట్టు కాదు.

ఇక పనిలోకి వద్దాం. విసరడానికి ముందు మూడింటినీ బల్ల మీద పెట్టి చూడు.

మొదట తూకం. డిస్కు అడుగున కలంతో రాసిన బరువును నమ్మకు. ఒక్కోసారి అక్కడ ఒక అంకె బదులు రెండు అంకెల మధ్య ఎంతో ఉంటుందన్నట్టు రాస్తారు. గ్రాములో పదోవంతు చూపించే చిన్న తూకం తెచ్చుకో. ఒకటి 168, ఇంకొకటి 175 గ్రాములైతే ఆ రెంటినీ పోల్చడమే దండగ. తేలికైనది సులభంగా కుడికి తిరుగుతుంది. దాన్ని చూసి విడత మహిమ అనుకుంటాం. ఒకటి రెండు గ్రాముల తేడా ఉన్నవాటినే జతగా పెట్టు.

తర్వాత ప్లాస్టిక్. స్టార్, ఛాంపియన్, డీఎక్స్ అన్నవి ఇన్నోవా వాడే ప్లాస్టిక్ రకాలు కదా, స్టార్‌ను స్టార్‌తో, ఛాంపియన్‌ను ఛాంపియన్‌తో పోల్చు. ఒకే అచ్చులో పోసినా ఒక్కో ప్లాస్టిక్ ఒక్కోలా ముడుచుకుంటుంది. ఇక డీఎక్స్ అయితే నాలుగు చెట్లు తగిలేసరికే మారిపోతుంది.

అసలు చూడాల్సింది అతుకు గీత. ఆటగాళ్లు దాన్ని పార్టింగ్ లైన్ అంటారు. అచ్చు రెండు సగాలు కలిసినచోట డిస్కు ముక్కు (అన్నిటికంటే బయటి అంచు) చుట్టూ సన్నగా కనిపించే గీత అది. డిస్కును చదునైన అద్దం మీద పెట్టినప్పుడు ఆ గీత అద్దం నుంచి ఎంత ఎత్తులో ఉందన్నదే నీ ప్రశ్నకు సగం జవాబు. గీత ఎత్తుగా ఉన్న డిస్కు సాధారణంగా కుడికి తక్కువ తిరిగి, ఎడమకు ఎక్కువ వాలుతుంది. కిందికి ఉన్నది దానికి తలకిందులు. (నువ్వు కుడిచేత్తో బ్యాక్‌హ్యాండ్ విసురుతావు కాబట్టి ఈ ఉత్తరంలో కుడి ఎడమలన్నీ ఆ లెక్కనే.) దీన్ని కొలవడానికి నేను వాడేది పేక ముక్కల కట్ట. అద్దం మీద డిస్కు పక్కన ఒక్కొక్క ముక్కా పేర్చుకుంటూ పో. పై ముక్క అంచు గీతకు సరిగ్గా సమానమయ్యేసరికి ఎన్ని ముక్కలయ్యాయో లెక్కపెట్టు. ముక్క మందం దాదాపు 0.3 మిల్లీమీటర్లు. రెండు డిస్కుల మధ్య ఒక్క ముక్క తేడా వచ్చిందంటే అది మైదానంలో కనబడే తేడాయే. ఒకేచోట కొలిచి సరిపెట్టుకోకు, డిస్కును తిప్పుతూ నాలుగు చోట్ల చూడు. నాలుగు చోట్లా నాలుగు లెక్కలు వస్తే డిస్కు వంకర తిరిగిందని అర్థం. అప్పుడు దాన్ని పోలికలోంచి తీసెయ్యి.

చివరిగా ఉబ్బు. డిస్కు పైన మధ్యలో ఆనేలా స్కేలును అడ్డంగా పెట్టి, భుజాల (పైభాగం అంచువైపు వంగే చోటు) దగ్గర ఎంత సందు ఉందో చూడు. ఉబ్బెత్తుగా ఉన్నది ఎక్కువసేపు తేలుతుందని, చదునుగా ఉన్నది గాలిని కోసుకుంటూ పోయి తొందరగా వాలుతుందని అంటారు. చాలాసార్లు నిజమే. కానీ ఉబ్బును ఒంటరిగా నమ్మితే మోసపోతాం. ఉబ్బెత్తుగా ఉండి గీత కూడా ఎత్తుగా ఉన్న డిస్కులు నా సంచిలోనే ఉన్నాయి. ఎంత తేలతాయో అంత గట్టిగా ఎడమకు వాలతాయి.

ముక్కును వేలితో తడిమి చూడు. కొత్తదాని ముక్కు మీద గీత పదునుగా, కొన్నిసార్లు సన్నటి ప్లాస్టిక్ పొరతో తగులుతుంది. అరిగినదాని ముక్కు గుండ్రంగా, గరుకుగా ఉంటుంది. నీ నీలం డిస్కు ముక్కు ఎలా ఉంటుందో చూడకుండానే చెప్పగలను. ఆ పొరను కొంచెం గరుకు కాగితంతో తీసేయడం నియమాలకు విరుద్ధం కాదు గానీ, పోటీలో వాడాలనుకున్న డిస్కును ఆకారం మారేలా అరగదీయకూడదు. కొత్త డిస్కును నీలందానిలా మార్చాలని ఆశ పుట్టి రాపిడి మొదలుపెడతావేమోనని ముందే చెబుతున్నాను.

ఇప్పుడు విసరడం. గాలి లేని వేళ చూసుకో. ఎదురుగాలిలో ఏ డిస్కైనా ఎక్కువగా కుడికి తిరుగుతుంది, వెనకగాలిలో తొందరగా ఎడమకు వాలుతుంది. ఉదయం ఒకటి, సాయంత్రం ఇంకొకటి విసిరి పోల్చావంటే నువ్వు పోల్చింది గాలినే. ఒకదాని తర్వాత ఒకటిగా, వరుస మార్చుతూ విసురు. ఎర్రదాన్ని ఇరవైసార్లు విసిరాక పసుపుదాన్ని ఎత్తుకుంటే, అప్పటికి అలిసిన నీ చేయి పసుపుదాని మీద నింద వేస్తుంది.

అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. ఏది ఏ విడతో విసిరేటప్పుడు నీకు తెలియకూడదు. ఎరుపూ పసుపూ కళ్లు మూసుకున్నా తెలిసిపోతాయి కాబట్టి, ఇది ఒకే రంగు డిస్కులతోనే సాధ్యం. ఎవరిదగ్గరైనా రెండు విడతలవి ఒకే రంగులో ఉంటే అరువు తీసుకో. రెంటికీ ముద్ర మీద ఒకే సైజు టేపు ముక్క అతికించమని, వాటిని నీకు అందించమని పక్కవాళ్లకు చెప్పు. పడినచోట జెండా పాతేదీ వాళ్లే. దూరం ఒక్కటే రాస్తే చాలదు, కుడికి ఎంత తిరిగిందో, ఎడమకు ఎంత వాలిందో కూడా రాయించు. ఒక్కోదానికి ఇరవై విసుర్లు వెయ్యి. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక మెతుకు చాలు గానీ, డిస్కుకు ఒక విసురు చాలదు. అన్నిటికంటే దూరం పోయినదాన్నీ, చేయి జారి పక్కకు పోయినదాన్నీ పట్టించుకోకు. ఎక్కువసార్లు ఎక్కడ పడిందో అదే ఆ డిస్కు స్వభావం.

ముద్ర అన్నాను కదా, ఇదొకటి విను. ముద్ర వేరు, విడత వేరు. డిస్కు అచ్చులో తయారయ్యాక, తర్వాత ఎప్పుడో దానిమీద వేడితో రేకు అద్దుతారు. ఒకేరోజు పోసిన డిస్కుల మీద రెండు రకాల ముద్రలు పడవచ్చు, రెండు విడతలవాటి మీద ఒకే ముద్ర పడవచ్చు. ముద్ర చూసి విడత గుర్తుపట్టానని చెప్పేవాళ్ల మాట ఓపికగా విను, కానీ ఆ మాట మీద డబ్బు పెట్టకు. అడుగున అచ్చులోనే చెక్కిన అక్షరాలు కాస్త నమ్మదగినవి. అయినా అక్షరాలు మారినంత మాత్రాన ఆకారం మారిందని లేదు.

ఇంకొక మాట, నొచ్చుకోకు. డిస్ట్రాయర్ వేగం 12. దానికి తగినంత జోరుగా చేయి కదలకపోతే ఏ విడతదైనా ఎడమకే పోతుంది. టర్న్ అన్నది డిస్కు పూర్తి వేగంలో ఉన్నప్పుడు మాత్రమే బయటపడే గుణం. మామూలుగా తొంభై, వంద మీటర్లు విసిరే చేతికి రెండు విడతల మధ్య టర్న్ తేడా కనబడకపోవచ్చు, ఫేడ్ ఒక్కటే కనబడుతుంది. నువ్వు ఇప్పుడు ఎంత దూరం విసురుతున్నావో ఉత్తరంలో రాయలేదు. ఆ దూరం దగ్గరే ఆగి ఉంటే, వెతకాల్సింది పాత విడతను కాదు, వేగం 9 దగ్గరి డ్రైవరును. నీకు కోపం వస్తుందని తెలిసే రాస్తున్నాను.

కొనడం గురించి నా లెక్క ఇది. విడత పేరు చెప్పి ఎక్కువ అడిగేవాళ్ల దగ్గర కొనను. కట్టలోంచి నేనే ఏరుకుంటాను. ఒకే విడతలో ఒకే పెట్టెలోంచి తీసినవాటి మధ్య కూడా గీత ఎత్తులో ఒక పేక ముక్క తేడా చూశాను. పెట్టెలో ఉన్నవాటిలో నా పాతదాని లెక్కకు దగ్గరగా ఉన్నదాన్ని తీసుకుని, అలాంటిదే రెండోది దొరికితే అదీ తీసుకుంటాను. ఒకదాన్ని అరగదీస్తూ, ఇంకొకదాన్ని కొత్తగా దాచుకుంటాను. నీ ఎర్రది ఇప్పుడు ఎడమకు పడుతోందని పక్కన పెట్టకు. నీలందానికి పట్టినన్ని రోజులు దానికీ ఇవ్వు.

ఫొటోలో నీలం డిస్కు అడుగుభాగం కనబడలేదు. మూడింటి తూకాలు, నాలుగేసి చోట్ల పేక ముక్కల లెక్కలు ఒక కాగితం మీద రాసి పంపు. అవి చూశాక పసుపుదాని సంగతి చెబుతాను, దానిమీద నాకు వేరే అనుమానం ఉంది.

ఇట్లు,
మామయ్య