హైవే ఎక్కకుండా శ్రీకాకుళం నుంచి సైకిల్ దారి

తమ్ముడూ, సన్న టైర్ల సైకిల్ కొన్నావు, లారీల గోల లేకుండా, పెద్ద ఎత్తులు లేకుండా పొద్దున్నే తొక్కి టిఫిన్ దాటాక ఇంటికొచ్చేసే దారి కావాలన్నావు. శ్రీముఖలింగం తర్వాత చూద్దువుగానీ, ముందు సముద్రం ఒడ్డున ఉన్న కళింగపట్నం వైపు వెళ్లు. రానూపోనూ 50–60 కిలోమీటర్లు.

అరసవల్లి మీదుగా గార రోడ్డు పట్టుకో. జాతీయ రహదారి 16తో పనే ఉండదు. దారంతా పొలాలు, కొబ్బరిచెట్లు, ఊళ్లు. కాస్త పక్కకి తిరిగితే శ్రీకూర్మం. గార దాటాక శాలిహుండం కొండ ఒక్కటే ఎత్తు. సైకిల్ కింద తాళం వేసి నడిచి ఎక్కు, బౌద్ధ స్తూపాల దగ్గర నిలబడితే వంశధార కనిపిస్తుంది. నాకైతే సముద్రం కన్నా అదే ఇష్టం.

గాలి సంగతి మర్చిపోకు. పొద్దెక్కేకొద్దీ సముద్రపు గాలి లేస్తుంది. తెల్లారకముందే బయల్దేరితే వెళ్లేటప్పుడు ఎదురుండదు, వచ్చేటప్పుడు అదే వెనకనుంచి తోస్తుంది. సాయంత్రం వెళ్తే మాత్రం చుక్కలే.

ఇక కోతలప్పుడు జాగ్రత్త. రోడ్డు సగం మేర ధాన్యం ఆరబోస్తారు, బళ్లు ఎక్కకుండా అంచున రాళ్లు పేరుస్తారు. ధాన్యం ఎత్తేశాక కూడా ఆ రాళ్లు ఒకటీ అరా అక్కడే ఉండిపోతాయి, మసకలో కనపడవు. గింజల మీద బ్రేక్ వేశావో, టైరు జర్రున జారుతుంది. ముందు లైటు, ఒక స్పేర్ ట్యూబు, చేతిపంపు పెట్టుకో. పల్లెల్లో పంక్చర్ షాపుంటుంది గానీ నీ సైజు ట్యూబు దొరకదు.